నిర్వహణ: కాలనీ మహిళలు

నేను బెండకాయలు తరుగుతుంటే ధర్మేందర్ వంటింటి గడప దగ్గర నిలబడి, "నీకు టైపింగ్ ఒచ్చు గదా, గీ దరఖాస్తు జర కొట్టిపెట్టు. ఒక్క గంట పని" అన్నాడు.

మా ఇంట్లో నా పనులన్నీ ఒక్క గంటవే. అత్తమ్మను దవాఖానకు తీసుకుపోవడం ఒక్క గంట. మా బిడ్డ సింధు చేత లెక్కలు చేయించడం ఒక్క గంట. ఆదివారం ఆయన ఉద్యోగుల సంఘం మిత్రులు పదిమంది వస్తే చాయలు, మిర్చీలు, ఆ తర్వాత "ఎట్లాగూ ఉన్నరు గదా" అని అన్నాలు, అదీ ఒక్క గంటే. పెళ్లయి పదమూడేళ్లలో ఈ గంటల గురించి నేనెప్పుడూ మాట్లాడలేదు. ధర్మేందర్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, నా జీతం ఏమైందని అడగడు. వదినలు వచ్చినప్పుడు "మా సుజన అన్నీ చూసుకుంటది" అని మెచ్చుకుంటాడు. ఆ మెప్పు విన్న ప్రతిసారీ నా వంతు పని మరికొంత పెరిగేది.

అది 2011 ఆగస్టు. వనస్థలిపురం నుంచి ఎల్బీ నగర్ వైపు దిగే చోట మా కాలనీ. వెనక ఒక నాలా. నాలా గట్టు మీద కిలోమీటరుకు పైగా సర్కారు జాగా సన్నగా సాగి మెయిన్ రోడ్డులో కలుస్తుంది. అక్కడ సర్కారు తుమ్మ, చెత్త, వాన పడితే బురద. వాటి మధ్య నుంచి ఒక కాలిబాట. ఇలాంటి జాగాల్లో నడకదారులు వేయడానికి, వాటిని చూసుకోవడానికి కాలనీ సంఘాలకు గ్రాంటు ఇస్తామని ఆ ఏడు సర్కారు ప్రకటన వచ్చింది. మా సంఘం అధ్యక్షుడు పట్టాభి గారు. గుడివాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. ధర్మేందర్ కార్యదర్శి. ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటు. సంఘంలో మొత్తం పదకొండు మంది సభ్యులు, పదకొండు మందీ మగవాళ్లు.

నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో స్టడీ మెటీరియల్ టైపు చేస్తాను. సార్లు చేత్తో రాసిన ప్రశ్నల్లో తప్పులు నేనే దిద్దుతాను. ఏడాది తప్పు వేస్తే సరిచేస్తాను, రెండు జవాబులు వచ్చే ప్రశ్నను మార్చి రాస్తాను. పుస్తకం మీద సార్ల పేర్లుంటాయి. కొత్తవాళ్లు ఎవరొచ్చినా డైరెక్టర్ నన్ను "మా టైపింగ్ అమ్మ" అని చూపిస్తాడు. నేను ఎమ్మే చదివానని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. ఎవరూ అడగని సంగతి చెప్పుకోవడం నాకు చేతకాదు.

మధ్యాహ్నం డబ్బా తింటూ ఆ దరఖాస్తు చదివాను. పదకొండు పేజీలు. పదకొండు మందిలో ఒక్కరూ చివరిదాకా చదవలేదని రెండో పేజీలోనే అర్థమైంది. మూడో పేజీలో, ఇప్పుడు ఆ దారిన రోజూ ఎంతమంది నడుస్తున్నారో మూడు రోజులు లెక్కించి రాయాలని ఉంది. రాత్రి ధర్మేందర్‌ను అడిగితే "ఐదొందలని రాసెయ్, ఎవరు చూడొచ్చిన్రు?" అన్నాడు. తప్పులు దిద్దే అలవాటు వల్ల కావచ్చు, ఆ అంకె నా చేత పడలేదు. మర్నాడు పొద్దున ఐదింటికే లేచి ఇంట్లో పనులు సగం ముగించి, నోటుబుక్కు పట్టుకుని నాలా మీది కల్వర్టు గోడ మీద కూర్చున్నాను.

ఎనిమిదేళ్లుగా ఆ కాలనీలో ఉంటున్నాను. నాలా అవతలి బస్తీ నుంచి ఇంతమంది ఆ బాటన వస్తారని నాకు తెలియదు. మా ఇళ్లలో బాసన్లు తోమేవాళ్లు, చైతన్యపురి హాస్టళ్లలో వంట చేసేవాళ్లు, దవాఖానల్లో తుడిచేవాళ్లు, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల్లో నిలబడే ఆడపిల్లలు. చెప్పులు చేతిలో పట్టుకుని బురద దాటి, కల్వర్టు దగ్గర కాళ్లు కడుక్కుని మళ్లీ చెప్పులు వేసుకునేవాళ్లు. రెండో రోజు ఒకామె నా ముందు ఆగింది. మా ఇంటితో కలిపి మా సందులో నాలుగిళ్లలో పనిచేసే భూలక్ష్మి.

"ఏం రాస్తున్నవ్ మేడమ్? ఓటర్ లిస్టా?"

"ఎంతమంది నడుస్తున్నరో రాస్తున్న. ఈడ మంచి దారి ఏస్తరట."

"ఏస్తే మంచిదే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గేటు పెడ్తరా మరి?"

"గేటెందుకు?"

"మంచిగైతే గేటు పెడ్తరు గద మేడమ్."

నాలా పొంగే చోట వరసగా పరిచిన బండలు ఎవరు వేశారని అడిగాను. "మేమే. పోయినేడు ఒక ముసలామె జారి పడి తుంటి ఇరగ్గొట్టుకున్నది. ఆదారం ఆదారం తుమ్మ గూడ మేమే కొడ్తం. లేకుంటే చీరెలు చింపుతది" అంది, అదొక చెప్పదగ్గ సంగతి కానట్టు. తర్వాత పనికి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

మూడు రోజులు లెక్కించాను. పొద్దున తొమ్మిదిలోపు సగటున రెండు వందల పంతొమ్మిది మంది. అందులో మగవాళ్లు ముప్పై ఒక్కరు. మా కాలనీ వాళ్లు తొమ్మిది మంది.

నాలుగో పేజీ సెప్టెంబరు పన్నెండు సాయంత్రం మా వరండాలో తయారైంది. మర్నాటి నుంచి సకల జనుల సమ్మె. పట్టాభి గారూ ధర్మేందరూ ఏడాదిన్నరగా రాష్ట్రం మాట ఎత్తకుండానే కాలనీ పనులు చూసుకుంటున్నారు. ఒకరి ఇంట్లో ఒకరు కూర్చున్నప్పుడు టీవీ ఆపేసేవాళ్లు. మీ వాళ్లు అని ఒకరు, మావోళ్లు అని ఒకరు అనకుండా మాట్లాడటానికి పడే అవస్థ చూస్తుంటే నాకే జాలి వేసేది. ఆ సాయంత్రం నేను చాయ్ ఇచ్చి ఫారం పట్టుకుని కూర్చున్నాను. ప్రజల వాటా కింద సంఘం తరఫున శ్రమదానం చూపించాలని, మూడేళ్లపాటు దారి నిర్వహణ ఎవరు చేస్తారో రాయాలని చదివి చెప్పాను.

"రాసుకో," అన్నాడు ధర్మేందర్. "నిర్వహణ: కాలనీ మహిళలు. రోజూ ఒక గంట, మూడేండ్లు, స్వచ్ఛందంగా, ఉచితంగా."

"భేషుగ్గా ఉంది," అన్నారు పట్టాభి గారు. "నలభై మంది మహిళలు అని రాయమ్మా. మహిళలంటే అధికారులు కూడా కాదనరు."

"అడిగిన్రా వాళ్లను?" అన్నాను.

ధర్మేందర్ అర్థం కానట్టు చూశాడు. "అడిగేదేమున్నది? మన ఇండ్లల్ల వాళ్లే గదా."

రాష్ట్రం గురించి ఒక్క మాట మీదికి రాని ఇద్దరూ ఈ వాక్యం మీద ఒక్క నిమిషంలో ఏకమయ్యారు. నేను రాసుకున్నాను. రాస్తున్నప్పుడు నాకు కోపం రాలేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే నేను పక్కన నిలబడి చూసినట్టుంది. ఆ నలభై మందిలో నేనొకదాన్ని, నా గంట కూడా అందులో రాసుకున్నది నేనేనని లోపలికి పోయి గ్లాసులు కడుగుతున్నప్పుడు తట్టింది.

సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతబడ్డాయి, దరఖాస్తుల గడువు వాయిదా పడింది. వారం తిరక్కుండానే బస్సులూ ఆగాయి. ధర్మేందర్ రోజంతా ఎల్బీ నగర్ చౌరస్తాలో టెంటు కింద ఉండేవాడు. నేనూ రెండుసార్లు పోయాను. రోడ్డు మీద బతుకమ్మ ఆడాను. తెలంగాణ రావాలని నాకు మనసారా ఉండేది, ఇప్పటికీ దాని గురించి నాకు రెండో ఆలోచన లేదు. మా పల్లె ఇబ్రహీంపట్నం అవతల. మా నాయిన బోర్లు వేసి వేసి ఎట్లా అలసిపోయాడో నాకు తెలుసు. ఒకరోజు ధర్మేందర్ మైకు పట్టుకుని, "మమ్ముల అడుగకుంట, మా గురించి ఎవడో ఢిల్లీల కూసొని నిర్ణయం చేసుడేంది?" అన్నాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. బాగా మాట్లాడాడు.

కోచింగ్ సెంటర్ మూసే ఉన్నా, సమ్మె అయిపోగానే పుస్తకాలు కావాలని డైరెక్టర్ నన్ను రమ్మనేవాడు. షట్టర్ సగం దించిన గదిలో టైపు చేసేదాన్ని. ఆటోవాళ్లు అడిగినంత ఇవ్వలేక నాలా గట్టు మీదుగా మెయిన్ రోడ్డుకు, అక్కణ్నుంచి చైతన్యపురికి నడిచేదాన్ని. దారిలో భూలక్ష్మి, ఆమె వెంట ఇంకో ఐదారుగురు. బస్సుల్లేక ఆ బాట మీద మనుషులు రెండింతలయ్యారు. బండలు సరిపోక ఇంకో వరస పరిచారు. ఒకరోజు నేనూ ఒక బండకు చెయ్యి వేశాను. "నీకెందుకు మేడమ్, చీరె ఖరాబైతది" అని భూలక్ష్మి పక్కకు జరిపింది. ఆ పని వాళ్లు చేస్తారు. దరఖాస్తులో మేమున్నాం. నడుస్తూ ఇదే ఆలోచించేదాన్ని, ఎవరి మీదా కోపం లేకుండా, ప్రశ్నపత్రంలో తప్పు దొరికినప్పుడు చూసినట్టు చూసేదాన్ని.

అక్టోబరు చివర్లో సమ్మె ఆగింది. నవంబరులో గ్రాంటు ఆఫీసు ఇంజినీరు వచ్చి గట్టు చూశాడు. మనుషుల లెక్క బాగా రాశారని పట్టాభి గారిని మెచ్చుకున్నాడు. పట్టాభి గారు తల ఊపారు. నాలుగో పేజీ దగ్గర ఇంజినీరు ఆగి, "శ్రమదానం చేసే నలభై మంది సంతకాలు కావాలండి. శుక్రవారం ఆఖరు రోజు" అన్నాడు.

ఆ రోజు సోమవారం. "నువ్వు ఇంటింటికీ పోయి దస్కతులు పెట్టించుకొని రా" అన్నాడు ధర్మేందర్ నాతో. మంగళవారం సెలవు పెట్టి బయలుదేరాను.

మొదటి ఇల్లు సింధూరది. విజయవాడ అమ్మాయి, భర్త మందుల కంపెనీలో పనిచేస్తాడు, సంఘంలో సభ్యుడు. నన్ను చూడగానే పెన్ను తెచ్చింది. "ఎక్కడ పెట్టాలండీ?"

"చదివి పెట్టండి."

"మీరు తెచ్చారుగా, ఇంకేం చదవాలి?"

కాగితం వెనక్కి తీసుకుని పైకి చదివాను. రోజూ ఒక గంట, మూడేళ్లు, ఊడ్చడం, చెత్త తీయడం, తుమ్మ కొట్టడం, ఉచితంగా.

"ప్రతిరోజూనా?" అంది. "మా వారు ఒప్పుకున్నారా దీనికి?"

"కింద మీ వారి సంతకం ఉంది."

"నేను చేస్తానని ఆయన సంతకమా?" సింధూర పెన్నుకు మూత పెట్టింది. "సాయంత్రం అడుగుతానండీ" అంది నెమ్మదిగా. అడగదేమో అనుకున్నాను. సంతకం మాత్రం పెట్టలేదు.

పట్టాభి గారి భార్య వెంకాయమ్మ గారికి అరవై ఆరేళ్లు. రెండు మోకాళ్లూ పోయాయి. చదవడం పూర్తయ్యాక ఆవిడ పకపకా నవ్వారు, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా. "డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు నన్ను. గట్టు ఊడవమని ఈయన రాశారా? నలభై ఏళ్లుగా ఆయన పిలుచుకొచ్చిన వాళ్లందరికీ వండి పెట్టాను, సుజనా. నువ్వు ఏం చేస్తావు అని అడిగి ఒక్క పనీ చెప్పలేదు. నువ్వు చదివావు కాబట్టి తెలిసింది. లేకపోతే పెట్టేసేదాన్నే."

ఇరవై మూడు ఇళ్లు తిరిగాను. ప్రతి గడపలోనూ ముందు చదివాను. సాయంత్రానికి ఒక్క సంతకమూ లేదు.

ధర్మేందర్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఏమైంది?"

"చదివి వినిపించిన. ఎవరూ పెట్టలేదు."

"చదివి వినిపించినవా?" అతని ముఖంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. "ఎవరు వినిపియ్యమన్నరు నిన్ను? దస్కతులు తెమ్మన్న గని."

"టెంటు కింద మీరన్న మాటే గదా. మమ్ముల అడుగకుంట మా గురించి నిర్ణయమేందని."

"గదీ గిదీ ఒక్కటేనా?"

"కాదు. గది రాష్ట్రం. గిది రోజూ ఊడుసుడు."

అతను కాగితం మంచం మీదికి విసిరాడు. గ్రాంటు పోతే కాలనీలో తన ఇజ్జత్ పోతుందని, భార్యే పోగొట్టిందంటారని, పట్టాభి ముందు తలెత్తుకోలేనని అన్నాడు. మూలన బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ అండాలమ్మ చేట పక్కన పెట్టింది. అత్తమ్మకు నా మీద ప్రేమేమీ లేదు. పొద్దెక్కి లేస్తానని, కొలువు చేస్తున్నానని మిడిసిపడతానని వీధిలో చెప్పుకుంటుంది.

"కరువు పనుల నేను ఇబ్రహీంపట్నం రోడ్డుకు కంకర కొట్టిన," అంది కొడుకుతో. "నువ్వు కడుపుల ఉన్నవ్. మేస్త్రి పొద్దుగాల్ల పేరు రాసుకునేటోడు. సాయంత్రం కైకిలి ఇచ్చేటోడు. ఎండల సచ్చిన గని, పేరు అడుగకుంట ఎవ్వడూ పని చెప్పలే." మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. నాతో మాత్రం, "పొయ్యి మీద పాలు చూస్కో, పొంగుతున్నయ్" అంది.

బుధవారం లంచ్ టైమ్‌లో నాలుగో పేజీ కొత్తగా టైపు చేశాను. తొమ్మిదో పేజీలో, నిర్వహణ గ్రాంటు లోంచి కూలి ఇచ్చి మనుషులను పెట్టుకోవచ్చని స్పష్టంగానే ఉంది. ముందురోజు సాయంత్రమే బస్తీకి పోయి భూలక్ష్మిని అడిగాను. "కైకిలి ఇస్తరా?" అని మూడుసార్లు అడిగి, ఇంకో ఐదుగురిని పిలిచి, నా చేత వాళ్లకూ మూడుసార్లు చెప్పించి, ఆరుగురి పేర్లు ఇచ్చింది. నిర్వహణ కింద ఆ పేర్లు రాశాను. ప్రజల వాటా శ్రమదానం కింద సంఘం సభ్యులు పదకొండు మంది పేర్లు, ఒక్కొక్కరి పక్కన వారంలో ఒక రోజు. చివర ఒక వాక్యం: ఈ దారికి గేటు ఉండదు, అన్ని వేళలా అందరికీ తెరిచి ఉంటుంది.

గురువారం సాయంత్రం పట్టాభి గారింట్లో సమావేశం. ఎప్పుడూ వంటింట్లో ఉండే నేను ఆ రోజు హాల్లో నిలబడ్డాను. కాగితం పట్టాభి గారి చేతికిచ్చాను.

"ఇదేంటమ్మా, మా పేర్లు రాశావు?" అన్నారు పట్టాభి గారు.

"అడుగుదామనే తెచ్చానండి. చదవండి. ఇష్టమైతేనే సంతకం పెట్టండి. ఇష్టం లేని పేరు కొట్టేస్తాను."

కాగితం చేతులు మారింది. ఒకాయనకు షుగరు, ఒకాయనకు నైట్ డ్యూటీ, ఒకాయనకు దుమ్ము పడదు. అవన్నీ నిజమే. ఇరవై మూడు ఇళ్లలోనూ అలాంటి నిజాలే ఉన్నాయి. అయినా తమ పేరు కొట్టేయమని పదిమంది ముందు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. వెంకాయమ్మ గారు కాఫీ ట్రే లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నా బదులు మీరేనటగా," అన్నారు భర్తతో. "చదువుకుని పెట్టండి. కళ్లజోడు తెచ్చివ్వనా?"

పట్టాభి గారు సంతకం పెట్టారు. తర్వాత ఒక్కొక్కరూ పెట్టారు. రేపే ఆఖరు రోజని కొందరు, ఎవరొచ్చి చూస్తారులే అని కొందరు. ధర్మేందర్ అందరికన్నా ఆఖర్న, నా వైపు చూడకుండా పెట్టాడు. అతనికి పడింది సోమవారం.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. కావలసినవి సింధు చేత చెప్పించేవాడు. నా పని ఏమీ తగ్గలేదు గానీ ఇల్లు నిమ్మళంగా ఉండేది. ఇరవయ్యో రోజు కరెంటు బిల్లు ఎక్కడుందని అడిగాడు, చెప్పాను.

2012 ఎండాకాలంలో గ్రాంటు మంజూరైంది. వానలు వెనకబట్టాక దారి తయారైంది. అటూ ఇటూ వేప మొక్కలు, ఎర్రమట్టి బాట, నాలా దాటే చోట చిన్న వంతెన. సాయంత్రాలు బయటి వాళ్లు వస్తున్నారని, గేటు పెడదామని సంఘంలో రెండుసార్లు మాట వచ్చింది. రెండుసార్లూ ఇంజినీరు దరఖాస్తు తీసి చూపించాడు. ఆరుగురిలో ఇద్దరు కూలి చాలదని హాస్టల్ వంటకు వెళ్లిపోయారు. మిగిలిన నలుగురూ ఉన్నారు. భూలక్ష్మి రెండిళ్ల పని మానేసింది. అందులో మా ఇల్లొకటి.

ధర్మేందర్ వంతు మొదటిసారి వచ్చిన సోమవారం, ఆరు గంటలకు భూలక్ష్మి మా గేటు దగ్గరికి వచ్చి పిలిచింది. "మేడమ్, ఇయ్యాల సారు దినం."

లోపలికి పోయి చెప్పాను. అతను దుప్పటిలోంచే, "రాత్రి లేటైంది. ఇయ్యాల నువ్వు పొయ్యి రా, సుజనా" అన్నాడు. గొంతులో అధికారం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. ఎప్పుడూ ఇట్లాగే అడిగాడు, ఎప్పుడూ నేను పోయాను. వంటింట్లోకి వచ్చి పొయ్యి ఆపాను. ఇడ్లీ పిండి మీద మూత పెట్టాను. డబ్బాలు సర్దలేదు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను.

భూలక్ష్మి నా చేతికి చీపురు అందించబోయింది. "సారు బదులు నువ్వు ఊడుస్తవా మేడమ్?"

"సారు ఇంట్లనే ఉన్నడు, పిలువు," అన్నాను. "నేను నడవనీకి ఒచ్చిన."